తలలైటు కొంటున్నారా? లూమెన్లతో పాటు రంగు కూడా చూడండి



పోయిన చలికాలం ఒకరోజు తెల్లవారుజామున మూడున్నరకి టమాటా కోతకి దిగాం. తగరపువలస నుంచి విశాఖ రైతుబజారుకి ఆరులోపు చేరాలంటే చీకట్లోనే కొయ్యాలి కదా. నా తలకి కొత్త ఎల్‌ఈడీ లైటు, పెట్టె మీద పెద్ద లూమెన్ల అంకె. మడంతా పట్టపగల్లా ఉంది. బజారులో వెలుతురొచ్చాక ట్రేలు చూస్తే సగం కాయలు ఇంకా దోరగానే ఉన్నాయి. "ఏట్రా, కళ్లు మూసుకుని కోసీసావా?" అంది అమ్మ. కళ్లు తెరిచే కోశాను. ఆ లైటులో దోరకాయ, పండుకాయ ఒకేలా కనిపించాయి. ఆరోజు సగం సరుకు సగం ధరకే పోయింది.

అప్పటినుంచి లైటు కొనేముందు ఏం చూడాలో నేర్చుకున్నాను. అదే ఈ పాఠం.

వెలుగు ఎంత?

లూమెన్ అంటే లైటు నుంచి వచ్చే మొత్తం వెలుగు. లక్స్ అంటే మనం చూసే చోట పడే వెలుగు. లూమెన్లు ఒకటే అయినా, కిరణం సన్నగా ఉంటే దూరం కొడుతుంది, వెడల్పుగా ఉంటే దగ్గర అంతా సమంగా పరుచుకుంటుంది. కోతకి, కలుపుకి, ఆకు చూడ్డానికి వెడల్పు కిరణమే కావాలి.

పెట్టె మీద "100 మీటర్లు" అని ఉంటే మోసపోవద్దు. ఎఫ్‌ఎల్ 1 అనే ప్రమాణం ప్రకారం ఆ దూరంలో పడే వెలుగు 0.25 లక్స్ మాత్రమే, అంటే పున్నమి వెన్నెలంత. దూరం రెట్టింపు కావాలంటే కిరణం బలం నాలుగు రెట్లు ఉండాలి. అందుకే అంకెలు పెరిగినంతగా చూపు పెరగదు.

రంగు ఎలాంటిది?

తెల్ల ఎల్‌ఈడీలో నిజానికి ఉండేది నీలం ఎల్‌ఈడీయే. దాని మీద పసుపు పూత వేస్తే మనకి తెల్లగా కనిపిస్తుంది. (నీలం ఎల్‌ఈడీ కనిపెట్టిన అకసాకి, అమానో, నకమురాలకి 2014లో భౌతికశాస్త్ర నోబెల్ వచ్చింది.) చౌక లైట్లలో ఈ పూత వల్ల ఎరుపు వెలుగు సరిగా రాదు. ఎరుపు వెలుగు లేకపోతే పండు ఎరుపు కంటికి ఎలా తెలుస్తుంది?

ఇక్కడ రెండు అంకెలున్నాయి, కలిపేసుకోవద్దు.

కెల్విన్: వెలుగు ఛాయ. 3000 దగ్గర పసుపుగా, 4000 – 5000 మధ్యస్థంగా, 6500 దగ్గర నీలంగా ఉంటుంది.

సీఆర్‌ఐ: రంగులు ఎంత నిజంగా కనిపిస్తాయో చెప్పే అంకె. పాత బల్బుకి దాదాపు 100. మామూలు ఎల్‌ఈడీలు 70 దగ్గర ఉంటాయి. 90 దాటితే మంచిది. ఈ అంకెలో ముదురు ఎరుపు లెక్కలోకి రాదు. దానికి ఆర్9 అని వేరే అంకె ఉంటుంది, అది కూడా ఇచ్చిన కంపెనీని నమ్మొచ్చు.

పసుపు ఛాయ ఉన్నంత మాత్రాన సీఆర్‌ఐ ఎక్కువని కాదు. ఇంకోమాట, సీఆర్‌ఐ పెరిగితే అదే బ్యాటరీకి వెలుగు కొంత తగ్గుతుంది. మన పనికి ఆ నష్టం ఫరవాలేదు.

ఇంట్లో చేసే పరీక్ష

పండు టమాటా, దోర టమాటా, పచ్చిమిరపకాయ, కాస్త పసుపు, పండుబారడం మొదలైన ఒక ఆకు ప్లేటులో పెట్టండి. పగలు ఎండలో బాగా చూడండి. రాత్రి చీకటి గదిలో ఒక్కో లైటుతో చూడండి. రెండు టమాటాలూ తేడా లేకుండా కనిపిస్తే ఆ లైటు కోతకి పనికిరాదు. మీ అరచెయ్యి కూడా చూసుకోండి. గులాబీ రంగులో కనిపించాలి, బూడిదగా కాదు.

వీడియోలో నా రెండు లైట్లూ పక్కపక్కన చూపించాను. అయితే కెమెరా రంగుని తనంతట తనే సర్దేస్తుంది, కాబట్టి వీడియో చూసి కొనెయ్యొద్దు. పరీక్ష మీ కళ్లతోనే చెయ్యండి.

పురుగుమందు కొట్టని మనకి ఇది ఇంకా ముఖ్యం. లద్దెపురుగు పగలు మట్టిలో దాక్కుని రాత్రి తింటుంది. దాన్ని ఆకు మీద ముందే గుర్తుపట్టాలంటే ఆకుపచ్చలో తేడాలు తెలియాలి. పైగా నీలం ఎక్కువున్న వెలుగుకి పురుగులు మొహం మీదికి ఎక్కువొస్తాయి.

పాముల సంగతి

తలలైటు కళ్ల పక్కనే ఉంటుంది కాబట్టి నీడలు కనబడవు, నేల చదునుగా అనిపిస్తుంది. గట్టు మీద నడిచేటప్పుడు లైటు తీసి నడుం ఎత్తులో పట్టుకోండి. అప్పుడు నీడ పడి గొయ్యి, రాయి, పాము విడివిడిగా తెలుస్తాయి. మంచులో కూడా అంతే, తల మీదుంటే ఎదురుగా తెల్లని తెర కడుతుంది. కట్లపాము తిరిగేది రాత్రే. బూట్లు, కర్ర మానొద్దు. కాటు పడితే కొయ్యడం, గట్టిగా కట్టడం చెయ్యకండి. 108కి ఫోన్ చేసి ఆసుపత్రికి వెళ్లండి.

కొనేముందు ఆఖరిగా

- 18650 బ్యాటరీ మీద "9900 ఎంఏహెచ్" అని ఉంటే అది అబద్ధం. ఆ సైజులో మంచివి కూడా సుమారు 3500 దగ్గరే ఆగిపోతాయి.
- గంటలు అడిగేటప్పుడు ఏ మోడ్‌లో అని అడగండి. ఎఫ్‌ఎల్ 1లో వెలుగు పదోవంతుకి పడిపోయేదాకా గంటలు లెక్కేస్తారు.
- వెడల్పు కిరణం, 4000 – 5000 కెల్విన్, సీఆర్‌ఐ 90. తడికి తట్టుకునేది.

నేను ఇప్పుడు వాడేది పాతదానికంటే తక్కువ లూమెన్లది. కానీ బజారులో ట్రే తెరిస్తే అమ్మ ఏమీ అనడం లేదు. మీ లైటుతో రెండు టమాటాల పరీక్ష చేసి ఏం కనిపించిందో చెప్పండి.