వ్యాను వెనుక తలుపు: గ్యాసు కడ్డీల సంరక్షణ, మార్పిడి

ఓమ్నీ, ఈకో వంటి ఇంటి వ్యానులో పాలక్యాన్లు తెచ్చే సభ్యులు వెనుక తలుపును మోసే గ్యాసు కడ్డీలను తరచు పరీక్షించుకోవాలి. 40 లీటర్ల నిండు క్యానును రెండు చేతులా దించేవారికి, పైనుంచి తలుపు పడితే తల కాచుకొనే వీలుండదు.

పనిచేసే తీరు: గొట్టంలో అధిక పీడనంతో నత్రజని వాయువు, కొద్దిగా నూనె ఉంటాయి. వాయువు కడ్డీని బయటకు నెట్టి తలుపును నిలుపుతుంది. సీలు అరిగితే వాయువు మెల్లగా పోతుంది. చలికి పీడనం తగ్గుతుంది గనుక ధనుర్మాసపు తెల్లవారుజామున లోపం ముందుగా బయటపడుతుంది.

గుర్తులు: తలుపు పూర్తిగా లేవదు, లేచినా దిగజారుతుంది. కడ్డీపై నూనె చెమ్మ, తుప్పు, గీతలు కనిపిస్తాయి.

సంరక్షణ: పెదపాడు వంటి కొల్లేటి చెంత ఊళ్లలో గాలి తేమ వల్ల తుప్పు త్వరగా పడుతుంది. వారానికొకసారి మెత్తని పొడిగుడ్డతో కడ్డీలను తుడవాలి. గరుకు కాగితంతో రుద్దరాదు. గ్రీజు పూస్తే దుమ్ము పట్టి సీలు చెడుతుంది.

మార్పిడి:

1. రెండు కడ్డీలనూ ఒకేసారి కొనాలి. పొడవు, గొట్టంపై ఉన్న న్యూటన్ల అంకె పాతవాటితో సరిచూడాలి.

2. తలుపుకు గట్టి ఊతం పెట్టి, మరొకరిచేత పట్టించాలి. ఒకటి బిగించిన తరువాతే రెండవది విప్పాలి.

3. పాతవి ఉన్న దిక్కులోనే బిగించాలి. సాధారణంగా తలుపు మూసినపుడు సన్నకడ్డీ కిందికి ఉంటుంది. అప్పుడే నూనె సీలును తడుపుతుంది.

హెచ్చరిక: పాత గొట్టాలను కోయరాదు, వెల్డింగు చేయరాదు, మంటలో వేయరాదు. పేలే ప్రమాదముంది.

కొత్తవి వచ్చేవరకు వెదురుకర్ర ఊతాన్ని నమ్మి తలుపు కింద నిలబడవద్దు. క్యాను తగిలితే కర్ర జారుతుంది. అన్నాళ్లూ క్యాన్లను పక్క తలుపు నుంచే దించండి.