ఇల్లు అమ్మే ముందు కాగితాల సంచి విప్పు చెల్లీ

బతు బస్తీలో ఇల్లు అమ్మేసి టెక్కలి వెళ్లిపోదామనుకుంటున్నారట కదా చెల్లీ. బావగారి రిటైర్మెంటు అయిపోయింది, పిల్లలు వైజాగ్‌లో స్థిరపడ్డారు, ఇక ఇక్కడెందుకని అనిపించడం సహజమే. మన పోర్ట్ బ్లెయిర్ పేరు 2024లో శ్రీ విజయపురం అయింది గానీ, మన శ్రీకాకుళం వాళ్లు ఓడెక్కి రావడం, సంపాదించుకుని తిరిగి వెళ్లడం తరాలుగా ఉన్నదే.

బ్రోకరు లేకుండా అమ్ముకోగలమా అని అడిగావు. తప్పకుండా అమ్ముకోగలవు. కమీషను రెండు శాతం అనుకున్నా 40 లక్షల ఇంటికి 80 వేలు. అది మీ కష్టార్జితం, మిగిలితే మంచిదే. కానీ ఆ మనిషి చేసే పని ఇప్పుడు నువ్వు చెయ్యాలి. అందులో కొనేవాళ్లను వెతకడం చాలా చిన్న పని. మన బస్తీలో ఆడవాళ్లు నలుగురికి చెబితే వారంలో గారచర్మ దాకా పాకుతుంది. అసలు పనంతా కాగితాల్లో ఉంది.

మన దగ్గర భూమి సంగతి ఆంధ్రాలోలా ఉండదు. 1966 నాటి అండమాన్ భూమి రెవెన్యూ రెగ్యులేషన్ కింద నడుస్తుంది. తహసీల్ ఆఫీసుకి వెళ్లి ఫారం-ఎఫ్ అనే భూమి రికార్డు తాజా నకలు తీసుకో. బీరువాలో ఉన్న పాతది చాలదు. అందులో సర్వే నంబరు చూడు, విస్తీర్ణం చూడు, భూమి ఇంటి స్థలంగా రాసి ఉందా, సాగు భూమిగానే ఉండిపోయిందా చూడు. అమ్మడానికి ఏమైనా అనుమతి కావాలా అన్నది కూడా అక్కడే అడుగు. వెనక వంటగది కాస్త ముందుకు జరిపి కట్టారు కదా, అది మీ హద్దులోనే ఉందో లేదో కొలిపించుకో. కొనేవాడు కొలిచాక తేడా బయటపడితే, వాడు చెప్పిన ధరకి తల వంచాల్సి వస్తుంది.

ఇక పేరు. చాలా ఇళ్లలో మామగారు పోయి ఏళ్లు గడిచినా కాగితం ఆయన పేరునే ఉంటుంది. మీదీ అంతేనేమో చూడు. వీలునామా లేకుండా పోతే, 1956 హిందూ వారసత్వ చట్టం ప్రకారం ఆయన సొంత ఆస్తిలో భార్యకీ, కొడుకులకీ, కూతుళ్లకీ సమాన వాటా. అంటే మీ ఆడపడుచు సంతకం కావాలి. "పెళ్లిలో ఇచ్చేశాం కదా" అనే మాట రిజిస్ట్రారు దగ్గర చెల్లదు. ఆవిణ్ణి పిలిచి కూర్చోబెట్టుకుని, ఇంటి ధర ఎంత, ఆవిడ వాటా ఎంత అన్నది ముందే చెప్పు. దాచిపెట్టి అమ్మడం నాకు అస్సలు నచ్చదమ్మా. ఆవిడకి తెలిసిన రోజున కోర్టు మెట్లెక్కితే, కలకత్తా హైకోర్టు బెంచి దాకా తిరగాలి. డబ్బు పోవడం ఒక ఎత్తు, అన్నాచెల్లెళ్ల మధ్య మాటలు పోవడం ఇంకో ఎత్తు.

"మీరు ఊరెళ్లిపోండి, నా పేర జీపీఏ (జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ) రాసివ్వండి, నేను చూసుకుంటా" అనేవాళ్లు వస్తారు. వద్దు. ఒట్టి జీపీఏ మీద జరిగే అమ్మకంతో హక్కు మారదని సుప్రీంకోర్టు 2011లోనే తేల్చింది. అమ్మకం రిజిస్టరు దస్తావేజుతోనే జరగాలి. ఓడ టికెట్టు ఓ నెల వెనక్కి జరిపినా సరే, దగ్గరుండి సంతకం పెట్టి వెళ్లండి. దస్తావేజు రాయించడానికి మాత్రం మంచి వకీలుకి ఫీజిచ్చుకో, అక్కడ పొదుపు చెయ్యకు.

ఇల్లు చూడ్డానికి వచ్చినవాళ్లు ఇక్కడ అడిగేవి రెండే. నీళ్లెలా, 2004 భూకంపానికి ఇల్లు తట్టుకుందా? వేసవిలో కొళాయి నీళ్లు రోజులు విడిచి వస్తాయి కాబట్టి మీ రింగు బావీ, వాన నీళ్ల ట్యాంకూ మూత తీసి చూపించు. మెట్ల పక్క గోడ మీద ఆ సన్నని బీట ఉంది చూడు, దాన్ని సున్నంతో కప్పకు. ఎప్పుడొచ్చింది, ఎలా బాగు చేయించారు అన్నది చెప్పేయ్. పైకి కనబడని లోపాన్ని చెప్పాల్సిన బాధ్యత అమ్మేవాళ్లదేనని చట్టమూ అంటుంది. నిజం చెప్పిన ఇంటికి బేరం తొందరగా తెగుతుంది కూడా.

ధర నోటికొచ్చింది చెప్పకు. మీ వీధిలో ఈమధ్య రిజిస్టరైన ఇళ్లు ఎంతకి పోయాయో కనుక్కుని చెప్పు. అడ్వాన్సు నోట్ల కట్టలుగా తీసుకోకు. ఆస్తి అమ్మకంలో 20 వేలు, ఆపైన నగదుగా పుచ్చుకోకూడదు, పుచ్చుకుంటే అంత మొత్తమూ జరిమానా పడొచ్చు. ఇంటి విలువ 50 లక్షలు లేదా ఆపైన అయితే కొన్నవాళ్లు ఒక శాతం పన్ను పట్టుకుని కడతారు, ఆ రసీదు అడిగి తీసుకో. లాభం మీద పన్ను ఉంటుంది. రెండేళ్లలో టెక్కలిలో ఇల్లు కొన్నా, మూడేళ్లలో కట్టుకున్నా మినహాయింపు దొరుకుతుంది, ఆడిటరుతో లెక్క వేయించుకో.

చివరగా ఒక్క మాట. రిజిస్ట్రేషను రోజు ఎవరెంత తొందరపెట్టినా, మొత్తం డబ్బు బ్యాంకు ఖాతాలో పడ్డట్టు నీ కళ్లతో చూసుకున్నాకే సంతకం పెట్టు, ఆ తర్వాతే తాళాలివ్వు.