స్టాలు పెట్టే ముందు

హైదరాబాదులో సాధారణంగా జనవరి 1న మొదలయ్యే నుమాయిష్ మనందరికీ తెలిసినదే. ఉస్మానియా విశ్వవిద్యాలయ పట్టభద్రుల చొరవతో 1938లో బాగ్-ఎ-ఆమ్‌లో ప్రారంభమైన ఈ ప్రదర్శన, 1946లో నాంపల్లి మైదానానికి మారింది. దాని ఆదాయంతో ఎగ్జిబిషన్ సొసైటీ విద్యాసంస్థలను నడుపుతోంది. వ్యాపారం చదువుకు తోడుగా నిలిచిన మంచి ఉదాహరణ ఇది.

అయితే ప్రదర్శన చూడడానికి వెళ్లడం వేరు, అమ్మడానికి వెళ్లడం వేరు. ఈ తేడా మాకు నష్టపోయాకే తెలిసింది.

కుట్టుపని నేర్చిన మహిళలతో కలిసి మేము ఒక పట్టణంలో ఐదు రోజుల ప్రదర్శనలో స్టాలు తీసుకున్నాము. అద్దాల పని చేసిన 100 కుషన్ కవర్లు తీసుకెళ్లి, ఒక్కొక్కటి 300 రూపాయలకు ఇచ్చాము. చివరి సాయంత్రానికి ఒక్కటీ మిగల్లేదు. ఎంతో సంతోషంగా తిరిగి వచ్చాము. మరునాడు కూలి పంచబోతే డబ్బు చాలలేదు. "అన్నీ అమ్ముడుపోయాయి కదా మాస్టారూ, మరి డబ్బేదీ?" అని ఒక ఆపా అడిగారు. మా దగ్గర జవాబు లేదు. కాగితం, కలం తీసుకుని కూర్చున్నాము.

బట్ట 90, దారం, అద్దాలు 30, కూలి 100: కవరు ఒక్కటికి 220 రూపాయలు. స్టాలు అద్దె 6,000, రవాణా 1,500, బస, భోజనం 2,500: మొత్తం 10,000. దీన్ని 100 కవర్లకు పంచితే ఒక్కోదానికి మరో 100. అంటే అసలు ఖర్చు 320. మేము అమ్మినది 300కు. అమ్మిన ప్రతి కవరుకూ 20 రూపాయల నష్టం! బట్ట, అద్దె బాకీలు ముందే తీర్చేశాము కాబట్టి, ఆ 2,000 కుట్టినవారి కూలిలోనే తగ్గింది. వారి తప్పేమీ లేదు. లెక్క వేయని తప్పు మాది.

రెండోసారి ధర 400 పెట్టాము. అప్పుడు కవరుకు 180 మిగులుతుంది. 10,000ను 180తో భాగిస్తే 56 కవర్లు అమ్మితే పెట్టుబడి ఖర్చు వచ్చేస్తుందని ముందే తెలిసింది. ఈసారి 70 మాత్రమే అమ్ముడుపోయాయి. అయినా వాటిపై కూలి పూర్తిగా ఇచ్చి 2,600 మిగిలింది. తక్కువ అమ్మి ఎక్కువ తెచ్చుకున్నాము.

ఈ అనుభవంతో మేము నేర్చుకున్న పాఠాలు ఇవి.

ఒక నెల ముందు: స్టాలు కొలత, కరెంటు సదుపాయం, అద్దె షరతులు, జీఎస్టీ నిబంధనలు నిర్వాహకులను అడిగి రాసుకోవాలి. వీలైతే మైదానానికి ఒకసారి వెళ్లి జనం ఏ వైపు నుంచి వస్తారో చూడాలి. ఇంట్లోనే నేలపై సుద్దముక్కతో స్టాలు కొలత గీసి, సరుకు అమర్చి చూడాలి.

వారం ముందు: ప్రతి వస్తువుకూ ధర చీటీ కట్టాలి. చిల్లర, రసీదు పుస్తకం, ఫోన్ చెల్లింపులకు క్యూఆర్ కోడ్, సంచులు, కత్తెర, తాడు, టార్పాలిన్ సిద్ధం చేసుకోవాలి. 2019 జనవరి 30న నుమాయిష్‌లో జరిగిన అగ్నిప్రమాదంలో ఎన్నో స్టాళ్లు కాలిపోయాయి. కాబట్టి వైర్లు సరిచూడడం, బీమా గురించి విచారించడం అనవసరపు ఖర్చు అనుకోకూడదు.

స్టాలులో: ఎప్పుడూ ఇద్దరు ఉండాలి. ఒకరు మాట్లాడాలి, ఒకరు డబ్బు చూడాలి. కొనకుండా వెళ్లేవారినీ చిరునవ్వుతో పలకరించాలి. ఎంతవరకు ధర తగ్గించవచ్చో ముందే నిర్ణయించుకోవాలి. పెద్ద ఆర్డరు వస్తే వెంటనే తల ఊపకుండా, నెలకు ఎన్ని కుట్టగలమో లెక్క చూసుకునే ఒప్పుకోవాలి.

తిరిగి వచ్చాక: ఏది అమ్ముడుపోయింది, ఏది మిగిలింది, జనం ఏ రంగు అడిగారు అన్నది అదే రాత్రి రాసుకోవాలి. ఆర్డరు ఇస్తామన్న వారికి వారంలోపు ఫోన్ చేయాలి.

దాతలకు మా మనవి ఒక్కటే. కుట్టు మిషన్ ఇవ్వడం ఎంతో మంచి పని. కానీ మిషన్ మీద తయారైన వస్తువు సరైన ధరకు అమ్ముడైనప్పుడే ఆ ఇంట్లో పొయ్యి వెలుగుతుంది. మిషన్‌తోపాటు ఒక స్టాలు అద్దె, రెండు రోజుల లెక్కల శిక్షణ కూడా ఇవ్వండి. అలా నేర్చినవారు వచ్చే ఏడాది తమ స్టాలు అద్దె తామే కట్టుకోగలుగుతారు.