తెరకు అందని కిటికీ
కంప్యూటర్ విండోల స్థాన పరిమాణాలలో దొర్లే పొరపాట్లు

విజయవాడలోని తల్లిని చూడడానికి సెలవులలో వెళ్ళిన కుమారుడు, కుటుంబ ఛాయాచిత్రాలను బంధువులందరికీ చూపడం కోసం ఆమె ల్యాప్‌టాప్‌ను ఇంట్లోని పెద్ద టీవీకి తగిలించాడనుకుందాం. ఫోటోల ప్రోగ్రామ్ విండోను టీవీ తెర మీదికి జరిపి అందరికీ చూపించాడు. తరువాత ప్రోగ్రామ్‌ను అక్కడే మూసి, తీగ ఊడదీసి, విమానమెక్కాడు. మరునాడు ఆమె దానిని తిరిగి తెరిచినప్పుడు టాస్క్‌బార్‌లో పేరు వెలుగుతున్నది గాని, విండో కానరాదు. మనవల ఫోటోలన్నీ పోయాయని ఆమె బెంగపెట్టుకున్నది. నిజానికి విండో తెరుచుకునే ఉన్నది. అయితే అది ఇప్పుడు లేని తెర మీద ఉన్నది!

నాలుగు సంఖ్యలు

ప్రతి విండోకు ఎడమ అంచు, పై అంచు, వెడల్పు, ఎత్తు అని నాలుగు సంఖ్యలుంటాయి. వీటిని పిక్సెళ్ళలో కొలుస్తారు. అయితే కొలత ఎక్కడ మొదలవుతుందన్నది ముఖ్యం. రసాయన ప్రయోగశాలలో బ్యూరెట్‌కు సున్న పైన ఉంటుంది. కొలజాడీకి అడుగున ఉంటుంది. కంప్యూటర్లలోనూ అంతే. విండోస్‌లో మూలబిందువు ప్రధాన తెర ఎడమవైపు పై మూలన ఉండి, సంఖ్యలు కిందికి పెరుగుతాయి. మెకింటాష్‌లోని కోకో పద్ధతిలో మూలబిందువు ఎడమవైపు కింది మూలన ఉండి, సంఖ్యలు పైకి పెరుగుతాయి. 1080 పిక్సెళ్ళ ఎత్తు గల తెరపై, 600 ఎత్తు గల విండో పైనుండి 100 దిగువన ఉన్నదనుకుందాం. మొదటి పద్ధతిలో దాని స్థానం 100. రెండవ పద్ధతిలో కింది అంచును లెక్కిస్తారు కనుక 1080 నుండి 100, 600 తీసివేయగా 380. విండో ఒక్కటే, అంకెలు మాత్రం వేరు.

దాచిన విండో

టాస్క్‌బార్‌లోకి కుదించిన విండో ఎక్కడ ఉన్నదని విండోస్‌ను అడిగితే, అడ్డంగా –32000, నిలువుగా –32000 అని సమాధానం వస్తుంది. ఇది నిజమైన చోటు కాదు. ఎవరి కంటా పడకుండా దాచిన మారుమూల. పదహారు బిట్లలో ఇమిడే సంఖ్యలు –32768 నుండి 32767 వరకే కనుక, ఆ చోటు దాదాపు చివరి హద్దున ఉన్నది. కుదించిన స్థితిలోనే మూతపడిన ప్రోగ్రామ్ ఈ అంకెలను దాచుకుంటే, మరుసటిసారి అక్కడికే వెళ్ళి కూర్చుంటుంది. ‘గెట్ విండో రెక్ట్’కు బదులు ‘గెట్ విండో ప్లేస్‌మెంట్’ను పిలిస్తే మామూలు స్థితిలోని స్థానం లభిస్తుంది.

పోయిన ఋణ చిహ్నం

1998లో వచ్చిన విండోస్ 98 ఒకే కంప్యూటర్‌కు పలు తెరలను జోడించే వీలు కల్పించింది. ప్రధాన తెరకు ఎడమవైపున్న తెరపై అడ్డు నిరూపకాలు ఋణ సంఖ్యలవుతాయి. –100 అనే సంఖ్యను పదహారు బిట్ల ధన సంఖ్యగా చదివితే, 65536 నుండి 100 తీసివేసిన 65436 వస్తుంది. ఒక్క చిహ్నం లోపించినందుకు ఎడమవైపు ఉండవలసిన విండో కుడివైపు కనుచూపు మేర దాటిపోతుంది.

పాత్ర బరువు

విండోకు రెండు కొలతలున్నాయి. శీర్షిక పట్టీ, అంచులతో కలిపినది ఒకటి. లోపలి భాగం మాత్రమే మరొకటి. చట్రం వెడల్పుకు 16, ఎత్తుకు 39 పిక్సెళ్ళు చేర్చుతుందనుకుందాం. బయటి కొలతను దాచుకొని, తెరిచేటప్పుడు దానినే లోపలి కొలతగా వాడితే, తెరిచిన ప్రతిసారీ విండో అంత మేర పెరుగుతుంది. పదిసార్లకు వెడల్పు 160, ఎత్తు 390 అధికమవుతాయి. పాత్రతో సహా తూచి, ఆ బరువంతా పదార్థానిదే అనుకోవడం వంటిదిది.

మారే ప్రమాణం

అక్షరాలు పెద్దవిగా కనిపించాలని తెరను 150 శాతానికి పెంచుకునేవారు చాలామంది. అప్పుడు 1920 పిక్సెళ్ళ వెడల్పు గల తెరను, ఆ సంగతి ఎరుగని పాత ప్రోగ్రామ్‌కు విండోస్ 1280గా చెబుతుంది. అసలు పిక్సెళ్ళలో 1400 వద్ద ఉన్నట్లు రాసిపెట్టిన స్థానాన్ని ఈ లెక్కలో వాడితే, అది తెర అంచు దాటుతుంది.

నివారణ

దాచుకున్న స్థానాన్ని ప్రోగ్రామ్ కళ్ళు మూసుకొని నమ్మరాదు. తెరిచే ముందు ఇప్పుడున్న తెరలేవో తెలుసుకొని, విండో వాటిలో దేనిమీదా లేకపోతే ప్రధాన తెరపైకి తేవాలి. ‘సెట్ విండో ప్లేస్‌మెంట్’ను వాడితే, పూర్తిగా తెర వెలుపల పడే విండోను విండోస్ తానే లోపలికి సవరిస్తుంది.

వాడుకరికీ ఒక ఉపాయమున్నది. టాస్క్‌బార్‌లో ఆ ప్రోగ్రామ్‌ను ఎంచుకొని, ఆల్ట్, స్పేస్ మీటలను కలిపి నొక్కాలి. తరువాత ‘మూవ్’ కోసం ఎం అక్షరాన్ని, ఆపై ఏదైనా ఒక బాణం మీటను ఒకసారి నొక్కాలి. ఇక మౌస్‌ను కదిపితే విండో దాని వెంట వస్తుంది. ఈ నాలుగు మాటలూ ఫోనులో చెబితే చాలు, విజయవాడలో తల్లి ముఖాన మళ్ళీ నవ్వు కనిపిస్తుంది.

ప్రోగ్రామింగ్ నేర్చుకుంటున్న మన పిల్లలు గ్రహించవలసిన విషయమొకటున్నది. సంఖ్య ఎప్పుడూ ఒంటరిది కాదు. ఎక్కడినుండి కొలిచారు, ఏ ప్రమాణంలో కొలిచారు, ఏ స్థితిలో కొలిచారు అన్న మూడు ప్రశ్నలకు సమాధానం దొరికినప్పుడే అది కొలత అవుతుంది. ప్రయోగశాలలోనైనా, కంప్యూటర్ తెరపైనైనా ఈ నియమం ఒక్కటే.