గుట్టకు బండి తీసేముందు టైర్ల గాలి

కొత్త కారు కొన్న హైదరాబాద్ వాళ్లు చాలామంది మొదటి పూజకు యాదగిరిగుట్టకే వస్తారు. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించే ఆ కాసేపు అందరి కళ్లూ టైర్ల మీదే. తర్వాత నెలల తరబడి వాటిని పట్టించుకునేవాళ్లు తక్కువ. ఉప్పల్, ఘట్‌కేసర్, బీబీనగర్, భువనగిరి, రాయగిరి మీదుగా సుమారు 60 కిలోమీటర్ల దారి ఇది. ఎండాకాలం టైర్లకు పరీక్షే.

1. గాలి పొద్దున్నే, ఇంటి దగ్గర్లోనే చూపించండి. బండి కనీసం మూడు గంటలు ఆగి ఉండాలి. భువనగిరి దాకా నడిపి బంకులో చూపిస్తే, టైరు వేడెక్కి మీటరు నాలుగైదు పాయింట్లు ఎక్కువ చూపిస్తుంది. అది చూసి "కొంచెం తియ్యన్నా" అనకండి. చల్లారాక ఉండాల్సిన దానికన్నా తగ్గిపోతుంది.

2. ఎంత గాలి ఉండాలో డ్రైవర్ డోరు పక్కన స్టిక్కరు మీద ఉంటుంది. టైరు మీద అచ్చువేసిన అంకె దాని గరిష్ఠ పరిమితి, మీకు కావాల్సింది అది కాదు. నిండా మనుషులు, సామానుతో వెళ్తే స్టిక్కరు మీద నిండు బరువుకు రాసిన అంకె చూసుకోండి.

3. నాలుగు టైర్లలోనూ ఒక్కో పాయింటు తగ్గితే మైలేజీ సుమారు 0.2 శాతం పడిపోతుంది. ఎనిమిది పాయింట్లు తగ్గినా పోయేది రెండు శాతం లోపే. పెట్రోలు ఖర్చు ఒక్కటే చూసుకుంటే ఇది చిన్న నష్టంలాగే కనిపిస్తుంది.

4. అసలు భయం వేడితో. గాలి తక్కువైతే టైరు పక్కగోడ తిరిగిన ప్రతిసారీ ఎక్కువగా నలుగుతుంది, ఆ నలుగుడుకే లోపల వేడి పుడుతుంది. దానికి మే నెల ఎండలో కాలే రోడ్డు, నిండు బరువు, వరంగల్ హైవే మీది వేగం తోడైతే లోపలి పొరలు విడిపోయి టైరు పేలవచ్చు. అమెరికాలో ఫైర్‌స్టోన్ టైర్ల ప్రమాదాల్లో ఎందరో చనిపోయాక, 2000లో చేసిన చట్టం వల్లే అక్కడ కార్లలో గాలి తగ్గితే వెలిగే హెచ్చరిక దీపం తప్పనిసరి అయింది. మీ బండిలో ఆ దీపం ఉన్నా దాన్నే నమ్ముకోవద్దు. చాలా బండ్లలో పావు వంతు గాలి పోయాక గానీ అది వెలగదు. 33 ఉండాల్సిన చోట 25కి పడ్డాకన్నమాట.

5. మైలేజీ కోసమని ఎక్కువ కొట్టించడమూ తప్పే. టైరు నడుమే రోడ్డును తాకుతుంది, నడుమే అరుగుతుంది, బ్రేకు వేస్తే పట్టు తగ్గుతుంది.

6. నైట్రోజన్ కోసం డబ్బు పెట్టనక్కర్లేదు. మామూలు గాలిలోనే అది 78 శాతం ఉంది. నెలకోసారి చూపించుకుంటే చాలు, బంకుల్లో గాలి ఉచితం.

7. స్టెప్నీలోనూ గాలి చూపించండి. జాకీ, వీల్‌స్పానర్ డిక్కీలో ఉన్నాయో లేదో ఇంట్లోనే చూసుకోండి.