మూడో ఫేజు పెట్టెలో పుడుతుందా? చిన్న మోటారుకు ఇంట్లో చేసుకునే ఇన్వర్టర్

పైరు ఎండుతున్నప్పుడు రైతు కరెంటు కోసం ఎదురుచూడటం ఎంత కష్టమో కృష్ణగిరి, ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతాల్లో బోర్ల కింద సేద్యం చేసేవారికి వేరే చెప్పనక్కర్లేదు. 2004 మే నెలలో రాష్ట్రంలో వ్యవసాయానికి ఉచిత విద్యుత్తు వచ్చింది. బిల్లు భారం తగ్గింది గానీ త్రీఫేజు సరఫరా మాత్రం గంటల లెక్కనే ఉండిపోయింది. ఆ గంటలు అయిపోయాక తీగల్లో సింగిల్ ఫేజే మిగులుతుంది. దీపాలు వెలుగుతాయి, బోరు మాత్రం తిరగదు. అప్పుడే చాలామందికి కెపాసిటర్ పెట్టె గుర్తుకొస్తుంది. రెండు తడులు పారగానే మోటారు కాలి రీవైండింగ్ షాపుకు చేరుతుంది.

సింగిల్ ఫేజు నుంచి నిజమైన మూడు ఫేజులు తీయడం సాధ్యమేనా? సాధ్యమే. ఆ పని చేసే యంత్రమే త్రీఫేజు ఇన్వర్టర్. దాన్ని ఎలా కట్టాలి, ఎంత మోటారుకు కట్టవచ్చు, ఎక్కడ ఆగాలి అన్నది ఈ వారం పాఠం. ఐటీఐ చదివిన పిల్లలు ఇంట్లో ఉంటే పక్కన కూర్చోబెట్టుకుని చదవండి.

మూడు ఫేజులు అంటే ఏమిటి?

మన ఇంటి కరెంటు సెకనుకు 50 సార్లు ముందుకూ వెనక్కూ ఊగుతుంది. త్రీఫేజు సరఫరాలో ఇలాంటి ఊపులు మూడు ఉంటాయి. మూడూ ఒకేసారి రావు, ఒకదాని వెనుక ఒకటి సమాన దూరంలో వస్తాయి. ముగ్గురు మనుషులు వంతులు తప్పకుండా గానుగను తోస్తున్నట్లు అనుకోండి. ఎక్కడా ఆగకుండా సాఫీగా తిరుగుతుంది. మోటారులోని మూడు వైండింగులకు ఈ మూడు ఊపులు అందితే లోపల అయస్కాంత బలం గుండ్రంగా తిరుగుతుంది, దాని వెంట రోటరు తిరుగుతుంది. ఒక్క ఫేజే ఇస్తే అయస్కాంత బలం ఊగుతుందే తప్ప తిరగదు. మోటారు గుర్రుమని శబ్దం చేసి వేడెక్కుతుంది.

కెపాసిటర్ పెట్టె చేసేదేమిటి?

ఇక్కడ రెండు రకాల కెపాసిటర్లను కలగలిపి పొరబడుతుంటారు. స్టార్టరు పక్కన బిగించమని విద్యుత్ శాఖవారు చెప్పేది పవర్ ఫ్యాక్టర్ కెపాసిటర్. అది మంచిదే. లైను మీద భారం తగ్గిస్తుంది, తప్పకుండా పెట్టుకోండి. సింగిల్ ఫేజులో మోటారు తిప్పడానికి పెట్టేది వేరు. ఉన్న ఊపును కొంచెం జరిపి మూడో తీగకు అందిస్తుంది, అంతే. మూడో ఫేజును పుట్టించదు.

ఆ జరపడం కూడా ఒక్క బరువు దగ్గర మాత్రమే సరిగ్గా కుదురుతుంది. బోరులో నీటిమట్టం దిగినా, వోల్టేజి పడిపోయినా లెక్క తప్పుతుంది. ఒక వైండింగులో కరెంటు ఎక్కువ, మరోదానిలో తక్కువ పారుతుంది. ఎక్కువ పారినది కాలుతుంది. వైండింగు వేడి ప్రతి 10 డిగ్రీలు పెరిగితే దాని పూత ఆయుష్షు దాదాపు సగానికి పడిపోతుందని ఇంజనీర్ల లెక్క. ఇలా నడిచే మోటారు సాధారణంగా తన బలంలో మూడింట రెండొంతులకు మించి పని చేయలేదు. పైగా సింగిల్ ఫేజు వేళల్లో బోర్లు నడపడం నిబంధనలకు విరుద్ధం. పది పెట్టెలు ఒక్కసారి నడిస్తే ట్రాన్స్‌ఫార్మరు కాలి, ఊరంతటి పైరుకూ నీళ్లు ఆగుతాయి.

ఇన్వర్టర్ లోపలి కథ

ఇన్వర్టర్ రెండు పనులు చేస్తుంది. మొదట సింగిల్ ఫేజు ఏసీని డయోడ్ బ్రిడ్జితో డీసీగా మార్చి పెద్ద కెపాసిటర్లలో నిల్వ చేస్తుంది. 230 వోల్టుల ఏసీ నుంచి సుమారు 325 వోల్టుల డీసీ వస్తుంది. ఇది తొట్టి నింపుకోవడం లాంటిది. తర్వాత ఆ తొట్టి నుంచి ఆరు ఎలక్ట్రానిక్ స్విచ్చులతో మూడు తీగల్లోకి కొత్త ఏసీని వదులుతుంది.

ఆరు స్విచ్చులు మూడు జతలుగా ఉంటాయి. ఒక్కో జత మోటారుకు వెళ్లే ఒక్కో తీగను చూసుకుంటుంది. పై స్విచ్చు తీగను ప్లస్సుకు, కింది స్విచ్చు మైనస్సుకు కలుపుతుంది. తడి కట్టేటప్పుడు మడవ తిప్పినట్లే. ఈ స్విచ్చులు సెకనుకు వేలసార్లు తెరుచుకుని మూసుకుంటాయి. ఎక్కువ సేపు తెరిస్తే ఎక్కువ వోల్టేజి, తక్కువ సేపు తెరిస్తే తక్కువ. ఆ తునకలను మోటారు వైండింగే నునుపు చేసుకుంటుంది. దీన్నే పల్స్ విడ్త్ మాడ్యులేషన్ అంటారు.

ఒక్క నియమం మరవకూడదు. ఒకే జతలోని రెండు స్విచ్చులు క్షణం కూడా కలిసి తెరుచుకోకూడదు. తెరుచుకుంటే ప్లస్సు, మైనస్సు నేరుగా కలిసి స్విచ్చులు పగిలిపోతాయి. అందుకే ఒకటి మూసిన తర్వాత 2 నుంచి 3 మైక్రోసెకన్లు ఆగి రెండోది తెరవాలి.

మోటారు పలక చదవండి

సామాను కొనే ముందు మోటారు మీది పలక చూడండి. 325 వోల్టుల డీసీ నుంచి ఎంత నేర్పుగా తీసినా తీగకూ తీగకూ మధ్య సుమారు 230 వోల్టులే వస్తాయి. అదీ మూడో హార్మోనిక్ కలిపే పద్ధతిలో. సాదా పద్ధతిలో 200 వోల్టుల దగ్గరే ఆగిపోతుంది. మన మోటార్లు చాలావరకు 415 వోల్టులకు చేసినవి. వాటికి 230 వోల్టులే ఇస్తే మూడో వంతు బలం కూడా రాదు.

చిన్న మోటార్లలో దీనికి ఉపాయం ఉంది. సాధారణంగా 2 హెచ్‌పీ లోపు మోటార్ల వైండింగులు స్టార్‌లో కట్టి ఉంటాయి. టెర్మినల్ పెట్టెలో ఆరు బోల్టులుండి, పలక మీద డెల్టాకు 230, స్టార్‌కు 400 లేదా 415 వోల్టులు అని ఉంటే పత్తీలు మార్చుకోవచ్చు. స్టార్‌లో పత్తీలు అడ్డంగా ఒకే వరుసలోని మూడు బోల్టులను కలుపుతాయి. వాటిని తీసి మూడు పత్తీలు నిలువుగా బిగిస్తే డెల్టా అవుతుంది. అప్పుడా మోటారు 230 వోల్టులకే పూర్తి బలం ఇస్తుంది. మూడు తీగలే బయటికి వచ్చే మోటారుకు ఈ వీలు లేదు. డెల్టాకు మార్చిన మోటారును మళ్లీ 415 వోల్టుల లైనుకు కలిపితే కాలిపోతుంది. మార్చిన వెంటనే దాని మీద పెయింటుతో రాసి పెట్టండి.

1 హెచ్‌పీ మోటారుకు కావలసిన సామాను

* డయోడ్ బ్రిడ్జి: 35 ఆంపియర్లు, 1000 వోల్టులు.
* నిల్వ కెపాసిటర్లు: 470 మైక్రోఫారడ్లు, 450 వోల్టులవి రెండు, పక్కపక్కన కలిపి.
* తొలి నింపుడు రెసిస్టరు: 47 ఓములు, 10 వాట్ల తీగచుట్టు రకం. కెపాసిటర్లు నిండాక దాన్ని పక్కకు తప్పించే రిలే ఒకటి.
* ఖాళీ చేసే రెసిస్టరు: 47 కిలో ఓములు, 5 వాట్లు. కెపాసిటర్ల మీద శాశ్వతంగా ఉండాలి.
* ఆరు స్విచ్చులు: 600 వోల్టుల ఐజీబీటీలు, 20 నుంచి 30 ఆంపియర్లవి. కొత్తవారు విడివిడిగా కొనకుండా ఆరు స్విచ్చులు, వాటి డ్రైవర్లు, అధిక కరెంటు రక్షణ కలిసి ఉన్న ఒకే మాడ్యూల్ తీసుకోవడం మేలు. ఇన్వర్టర్ ఏసీల్లో వాడేది ఇలాంటిదే.
* కంట్రోల్ బోర్డు: ఆరు పల్సులను ఖాళీ సమయంతో సహా ఇవ్వగల మైక్రోకంట్రోలరు. మధ్యలో ఆప్టోకప్లర్లు.
* 15 వోల్టుల డ్రైవరు సరఫరా, కరెంటు కొలిచే షంట్, అల్యూమినియం హీట్ సింకు, ఫ్యాను, వేడెక్కితే ఆపే థర్మల్ స్విచ్చు.
* 10 ఆంపియర్ల ఫ్యూజు, ఎర్త్ లీకేజి బ్రేకరు, ఎర్త్ చేసిన ఇనుప పెట్టె.

డెల్టాలో 1 హెచ్‌పీ మోటారు పూర్తి బరువు మీద సుమారు 3 ఆంపియర్లు తీసుకుంటుంది. స్విచ్చులు అంత పెద్దవి ఎందుకని అడగవచ్చు. మోటారు ఇరుక్కున్నప్పుడు, రక్షణ పనిచేసే లోపల వచ్చే దెబ్బను అవి తట్టుకోవాలి కాబట్టి.

ప్రోగ్రాములో వోల్టేజి, ఫ్రీక్వెన్సీ కలిసి పెరగాలి. 50 సైకిళ్లకు 230 వోల్టులంటే సైకిలుకు 4.6 వోల్టుల లెక్క. 25 సైకిళ్ల దగ్గర 115 వోల్టులు ఉండాలి. 5 సైకిళ్లతో మొదలుపెట్టి 50కి చేరడానికి 5 నుంచి 10 సెకన్లు తీసుకోండి. నేరుగా లైనుకు కలిపినప్పుడు వచ్చే ఆరేడు రెట్ల కరెంటు ఇక్కడ రాదు.

పరీక్ష నాలుగు మెట్లలో

ఒకటి: పెద్ద వోల్టేజి ఇవ్వకుండా 15 వోల్టుల సరఫరాతోనే ఆరు పల్సులూ వస్తున్నాయా, ఖాళీ సమయం ఉందా చూడండి.

రెండు: 325 వోల్టుల బదులు రెండు ట్రాక్టరు బ్యాటరీలను వరుసగా కలిపి, 2 ఆంపియర్ల ఫ్యూజు ద్వారా 24 వోల్టులు ఇవ్వండి. మోటారు స్థానంలో 12 వోల్టుల చిన్న బల్బులు మూడు స్టార్‌లో కట్టండి. వోల్టేజి తగ్గించకుండా వేగాన్ని ఒక్క సైకిలుకు దించితే బల్బులు వరుసగా ఒకదాని తర్వాత ఒకటి వెలుగుతూ ఆరుతూ కనిపిస్తాయి. మూడు ఫేజులంటే ఏమిటో కంటితో చూసినట్లే. ఒక బల్బు మందంగా ఉంటే ఆ జతలో లోపముంది.

మూడు: ఇప్పుడు 230 వోల్టులు. కానీ ఫేజు తీగలో 100 వాట్ల పాతరకం బల్బును వరుసగా పెట్టండి. బల్బు ఒక్కసారి వెలిగి ఆరిపోతే కెపాసిటర్లు నిండాయన్న మాట. వెలుగుతూనే ఉంటే లోపల షార్టు ఉంది. వెంటనే ఆపండి.

నాలుగు: ఆ బల్బు తీసేసి, బెల్టు లేకుండా మోటారు తిప్పండి. వెనక్కు తిరిగితే ఏవైనా రెండు తీగలు మార్చండి. తర్వాత బెల్టు వేసి మూడు తీగల్లో కరెంటు టాంగ్ టెస్టరుతో చూడండి. మూడూ దగ్గర దగ్గరగా ఉండాలి. మామూలు మల్టీమీటరు ఈ వోల్టేజిని తప్పుగా చూపించవచ్చు, దాన్ని నమ్మకండి. పావుగంట తర్వాత హీట్ సింకు, మోటారు వేడి గమనించండి.

బోరుకు ఎందుకు వద్దంటున్నాం?

ఇంత చదివాక 5 హెచ్‌పీ బోరుకు ఇదే పెద్దది చేసి పెడితే పోలేదా అని మీకు తోచవచ్చు. లెక్క చూడండి. 5 హెచ్‌పీ అంటే 3.7 కిలోవాట్లు. నష్టాలతో కలిపి సుమారు 4.5 కిలోవాట్లు లాగాలి. సింగిల్ ఫేజులో అది తక్కువలో తక్కువ 20 ఆంపియర్లు. డయోడ్ బ్రిడ్జి కరెంటును తునకలుగా లాగుతుంది కాబట్టి 30 ఆంపియర్ల దాకా పోతుంది. మన పల్లె లైను చివర ఆ భారం పడితే పక్కింటి దీపాలు కూడా కునుకుతాయి.

రెండోది, సబ్‌మెర్సిబుల్ మోటారుకు సాధారణంగా మూడు తీగలే పైకి వస్తాయి, 415 వోల్టులే కావాలి. అందుకు 590 వోల్టులకు దగ్గరగా డీసీ ఉండాలి. మన దగ్గర ఉన్నది 325. మూడోది, బోరులోకి వందల అడుగుల కేబుల్ దిగుతుంది. వేగంగా కొట్టే పల్సులు కేబుల్ చివర ఎదురుతన్ని, మోటారు దగ్గర డీసీ వోల్టేజికి రెట్టింపు దాకా దెబ్బ పడవచ్చు. దానికి ప్రత్యేక ఫిల్టరు కావాలి.

బోరుకు ఇన్వర్టర్ పెట్టే సరైన దారి సౌర విద్యుత్తు. సోలార్ పంపుసెట్టు పక్కన ఉండే కంట్రోలర్ పెట్టె మనం ఇప్పుడు చెప్పుకున్న ఆరు స్విచ్చుల ఇన్వర్టరే. తొట్టి నింపేది డయోడ్ బ్రిడ్జి కాదు, వరుసగా కలిపిన పలకలు. 5 హెచ్‌పీకి 4800 వాట్ల పలకలు ప్రమాణంగా పెడతారు. మబ్బు పట్టినప్పుడు ఆ పెట్టె వేగాన్ని తానే తగ్గించుకుంటుంది. కేంద్ర ప్రభుత్వం 2019లో పీఎం కుసుమ్ పథకం ప్రారంభించింది. సబ్సిడీ వివరాలకు నెడ్‌క్యాప్ జిల్లా కార్యాలయంలో విచారించండి.

మరి ఇంటి ఇన్వర్టర్ దేనికి? పిండి గిర్ని, గడ్డి కత్తిరించే చాఫ్ కట్టర్, వేరుశెనగ కాయలు ఒలిచే యంత్రం, చిన్న తొట్టి పంపు లాంటి 1 హెచ్‌పీ పనులకు. అదీ చేతిలో పాత త్రీఫేజు మోటారు ఉన్నప్పుడు, లేదా వేగం తగ్గించి పెంచుకోవాలన్నప్పుడు. కొత్తగా కొనేవారికి సింగిల్ ఫేజు మోటారే చవక. రోజూ గంటలు గంటలు నడిపేవారు తయారైన డ్రైవు కొనుక్కోవడం మంచిది. సొంతంగా చేస్తే దక్కే లాభం పనితనం. ఇది తెలిసిన కుర్రవాడు రేపు ఊళ్లో సోలార్ పంపు చెడితే పట్నం నుంచి మనిషి వచ్చేదాకా ఆగకుండా లోపం పట్టగలడు.

ప్రాణాలకు సంబంధించిన జాగ్రత్తలు

1. కరెంటు తీశాక కూడా కెపాసిటర్లలో ప్రాణం తీసేంత విద్యుత్తు ఉంటుంది. 5 నిమిషాలు ఆగి, మీటరుతో కొలిచి, సున్నాకు దగ్గరగా ఉందని చూశాకే చెయ్యి పెట్టండి.

2. నిల్వ కెపాసిటర్ల మైనస్సు ఎర్తు కాదు. అదీ షాకు కొడుతుంది. బోర్డు నడుస్తుండగా దానికి కంప్యూటరు కలపరాదు.

3. ఇన్వర్టర్‌కూ మోటారుకూ మధ్య కెపాసిటర్ పెట్టవద్దు. నడుస్తుండగా ఆ తీగలు ఊడదీయవద్దు.

4. ఇన్వర్టర్ అవుట్‌పుట్‌ను ఎట్టి పరిస్థితుల్లోనూ ఇంటి బోర్డుకు, లైనుకు కలపరాదు. కరెంటు లేదనుకుని స్తంభమెక్కిన లైన్‌మన్ ప్రాణం పోతుంది.

5. పెట్టె, హీట్ సింకు, మోటారు బాడీ మూడూ ఎర్తుకు కలపాలి. తడి చేతులతో, ఒంటరిగా పరీక్షలు చేయవద్దు.

6. ఫ్యూజు పోయిందని ట్రాన్స్‌ఫార్మరు దగ్గరికి మీరే వెళ్లకండి. లైన్‌మన్‌కు కబురు చేయండి. ఒక్క తడి ఆలస్యమైతే పైరు కాస్త వాడుతుంది. ఇంటి పెద్ద పోతే ఆ ఇల్లు కోలుకోదు.

ముందు రెండో మెట్టు దాకా, అంటే మూడు చిన్న బల్బులు వరుసగా వెలిగే దాకా చేసి చూడండి. అది కుదిరిన తర్వాతే 230 వోల్టుల జోలికి వెళ్లండి.