టర్బో ఇంజను: బలమెంత? మన్నిక ఎంత?

కారు కొనడానికి వెళ్ళినప్పుడు మనలో చాలామంది అడిగే ప్రశ్నలు మూడు: ధర ఎంత, గ్యాలనుకు ఎన్ని మైళ్ళు వస్తుంది, ఎన్నేళ్ళు మన్నుతుంది? మొదటి రెండింటికీ జవాబు కారు కిటికీకి అంటించిన కాగితంపైనే ఉంటుంది. మూడవదానికి అక్కడ జవాబు దొరకదు. ఇంజను వివరాలలో 'టర్బో' అన్న మాట కనిపిస్తే సందేహం మరింత బలపడుతుంది. ఒకటిన్నర లీటరు ఇంజను అంత పెద్ద బండిని ఎన్నాళ్ళు లాగగలదు? ఈ ప్రశ్నకు సమాధానం వెతకడమే ఈ వ్యాసం ఉద్దేశ్యం.

టర్బో పనిచేసే తీరు

పెట్రోలు ఇంజను బలం అది పీల్చుకునే గాలిపై ఆధారపడి ఉంటుంది. బరువు లెక్కన ఒక పాలు పెట్రోలు పూర్తిగా మండడానికి సుమారు 14.7 పాళ్ళ గాలి కావాలి. మామూలు ఇంజనులో పిస్టన్ కిందికి దిగినప్పుడు వాతావరణ పీడనం నెట్టినంత గాలి మాత్రమే లోపలికి వస్తుంది. బలం పెరగాలంటే సిలిండర్లనైనా పెద్దవి చేయాలి, లేదా ఉన్న సిలిండర్లలోకే గాలిని ఒత్తి పంపాలి. ఈ రెండవ పని చేసేదే టర్బోచార్జర్.

ఇంధనంలోని శక్తిలో దాదాపు మూడవ వంతు వేడి పొగగా బయటికి పోతుంది. ఆ పొగ దారిలో ఒక చిన్న చక్రాన్ని అమర్చితే అది గిర్రున తిరుగుతుంది. అదే ఇరుసు రెండవ కొనన ఉన్న మరో చక్రం బయటి గాలిని లాగి, ఒత్తి, ఇంజనులోకి పంపుతుంది. అంటే వృథాగా పోయే శక్తిలో కొంత భాగం తిరిగి పనికి వస్తున్నదన్నమాట. స్విట్జర్లాండ్ ఇంజనీరు ఆల్ఫ్రెడ్ బ్యూకి 1905లోనే ఈ ఆలోచనకు పేటెంటు పొందాడు.

జెట్‌ఫైర్ నేర్పిన పాఠం

గాలిని ఒత్తితే వేడెక్కుతుంది. సైకిలుకు గాలి కొట్టిన తరువాత పంపు అడుగుభాగాన్ని తాకి చూసినవారికి ఇది అనుభవమే. వేడి గాలిలో పెట్రోలు సకాలంలో మండక, దానంతట అదే పేలి పిస్టన్‌ను సుత్తితో కొట్టినట్లు కొడుతుంది. దీనినే 'నాకింగ్' అంటారు.

1962లో అమెరికాలో వచ్చిన ఓల్డ్స్‌మొబైల్ జెట్‌ఫైర్, టర్బో అమర్చిన తొలి అమ్మకపు కార్లలో ఒకటి. దాని మూడున్నర లీటర్ల ఇంజను 215 హార్స్‌పవర్ ఇచ్చేది. సంపీడన నిష్పత్తి 10.25. ఆ రోజుల్లో నాకింగును ఆపడానికి డిస్టిల్డ్ నీరు, మిథనాల్ కలిపిన ద్రవాన్ని ఇంజనులోకి చిమ్మే ఏర్పాటు చేశారు. ఆ ద్రవాన్ని యజమానే ఎప్పటికప్పుడు నింపుకోవాలి. చాలామంది మరచిపోయేవారు. డబ్బా ఖాళీ అయితే ఇంజను బలం తగ్గిపోయేది. ఫిర్యాదులు పెరిగాయి. 1963తో ఆ కారు నిర్మాణం ఆగిపోయింది. తరువాత కంపెనీయే టర్బోను తీసివేసి మామూలు కార్బురేటరు బిగించి ఇచ్చింది. యంత్రం గొప్పదైనా, దాని అవసరం యజమానికి గుర్తులేకపోతే మన్నిక ఉండదన్నది ఆనాటి పాఠం.

నేటి అంకెలు

ఇప్పుడు మన వాళ్ళ ఇళ్ళ ముందు తరచుగా కనిపించే హోండా సి.ఆర్.వి.ని తీసుకుందాం. 2017 మోడలులో రెండు ఇంజన్లు ఉండేవి. టర్బో లేని 2.4 లీటర్ల ఇంజను 184 హార్స్‌పవర్, 180 పౌండు-అడుగుల టార్కు ఇచ్చేది. 1.5 లీటర్ల టర్బో ఇంజను 190 హార్స్‌పవర్, 179 పౌండు-అడుగుల టార్కు ఇచ్చేది. బలం దాదాపు సమానమే. తేడా ఎక్కడుందంటే, పెద్ద ఇంజను తన పూర్తి టార్కును నిమిషానికి 3900 చుట్ల వద్ద గాని ఇవ్వదు. టర్బో ఇంజను 2000 చుట్ల నుండి 5000 చుట్ల వరకు దానిని నిలబెడుతుంది. ముందు చక్రాలతో నడిచే బండిలో సగటు మైలేజీ గ్యాలనుకు 28 నుండి 30కి పెరిగింది.

ఇక్కడొక విశేషం గమనించాలి. ఈ చిన్న ఇంజను సంపీడన నిష్పత్తి 10.3. ఇంచుమించు జెట్‌ఫైర్‌దే! అయినా దీనికి ప్రత్యేక ద్రవం అక్కరలేదు, సాధారణ 87 ఆక్టేన్ పెట్రోలు చాలు. ఇంటర్‌కూలర్ గాలిని చల్లబరుస్తుంది. పెట్రోలు నేరుగా సిలిండరులోకి చిమ్మబడి, అక్కడే ఆవిరై లోపలి వేడిని తగ్గిస్తుంది. నాకింగ్ మొదలయ్యే సూచన కనబడగానే కంప్యూటరు నిప్పురవ్వ పడే సమయాన్ని సవరిస్తుంది.

బలహీనత ఎక్కడ?

అయితే ఈ పరిష్కారమే మరో చిక్కు తెచ్చింది. నేరుగా చిమ్మిన పెట్రోలులో కొంత చల్లని సిలిండరు గోడలకు అంటుకుని, పిస్టన్ రింగుల పక్కగా జారి ఇంజను ఆయిలులో కలుస్తుంది. ఇంజను బాగా వేడెక్కితే అది ఆవిరైపోతుంది. గడ్డకట్టే చలిలో రెండు మూడు మైళ్ళు నడిపి ఆపేస్తే ఆయిలులోనే ఉండిపోతుంది. ఆయిలు పలచబడుతుంది. 2018లో చైనాలోనూ ఆ తరువాత అమెరికాలోనూ ఇది చర్చకు వచ్చి, కంపెనీ కంప్యూటరు ప్రోగ్రామును సవరించి, కొన్ని మోడళ్ళకు వారంటీని పొడిగించింది.

పలచని ఆయిలు ఏ ఇంజనుకూ మంచిది కాదు. టర్బోకు మరీ ప్రమాదం. దాని ఇరుసు నిమిషానికి లక్షకు పైగా చుట్లు తిరుగుతూ, సన్నని ఆయిలు పొరపైనే తేలుతూ ఉంటుంది.

రెండవ చిక్కు, తక్కువ వేగంలో యాక్సిలరేటరును గట్టిగా తొక్కినప్పుడు వచ్చేది. ఆయిలు, పెట్రోలు కలిసిన చిన్న బిందువు నిప్పురవ్వకు ముందే అంటుకొని పిస్టన్‌ను పగలగొట్టవచ్చు. ఆయిలులోని కాల్షియం ఇందుకు తోడ్పడుతుందని తేలడంతో, దానిని తగ్గించిన కొత్త ఆయిళ్ళు వచ్చాయి. 2020 నుండి వస్తున్న 'ఎస్.పి.' ప్రమాణం అటువంటిదే.

మనం చేయవలసినది

పిల్లల బడి, గుడి, కూరగాయల దుకాణం: మన కారు ప్రయాణాలలో ఎక్కువ భాగం ఇవే. అయిదు మైళ్ళ లోపు ప్రయాణాలను, గడ్డకట్టే చలిలో అయితే పది మైళ్ళ లోపు వాటిని 'కఠిన వాడకం'గా లెక్కించాలని కార్ల పుస్తకాలు చెబుతుంటాయి. మెల్లగా, కొద్ది దూరమే నడుపుతున్నాం కదా, కారు భద్రంగా ఉంటుందని మనం అనుకోవడం పొరపాటు.

కాబట్టి పుస్తకం చెప్పిన చిక్కదనం, 'ఎస్.పి.' లేదా దానికి మించిన ప్రమాణం ఉన్న ఆయిలునే వాడాలి. శీతకాలంలో గడువు కంటే ముందే మార్పించడం మంచిది. నెలకొకసారి ఆయిలు పుల్లను తీసి చూడాలి. మట్టం పై గీతను దాటి, పెట్రోలు వాసన వస్తే వెంటనే మెకానిక్కుకు చూపాలి. వారానికొకసారైనా అరగంట పాటు హైవేపై నడిపితే ఆయిలులోని పెట్రోలు ఆవిరైపోతుంది. ఎక్కువ బరువుతో కొండ ఎక్కి వచ్చాక, ఇంజనును ఒక నిమిషం తిరగనిచ్చి ఆపాలి. లేకపోతే వేడి టర్బోలో నిలిచిన ఆయిలు మాడి బొగ్గుగా మారవచ్చు.

చిన్న ఇంజను పెద్ద బండిని ఎన్నాళ్ళు లాగుతుందన్న ప్రశ్నకు జవాబు లీటర్లలో లేదు. జెట్‌ఫైర్ యజమానులు మరచిపోయిన డబ్బా ఈనాడు కనిపించదు. కానీ దాని బాధ్యత ఇప్పుడు ఆయిలుపై పడింది. ఆ ఆయిలును మరచిపోకపోవడం మన చేతిలో పని.